మోగని నాలుగో పెట్టె

"ఆ అమ్మాయిని వదిలెయ్ బావా. తర్వాత తల ఎక్కడ పెట్టుకుంటావో చూసుకో."

ఇన్‌స్పెక్టర్ అపిసాయ్ కుర్చీలోంచి కదల్లేదు. రొట్టె పొట్లం విప్పి, చేప కూరలో ముంచిన ముక్క నోట్లో పెట్టుకుని తాపీగా నమిలాకగాని జవాబివ్వలేదు.

"పోలీసు ఉద్యోగం వద్దని పోయినదానివి, స్టేషన్‌కొచ్చి నాకే హుకుం జారీ చేస్తున్నావా తోరికా? మా అమ్మ నీకు మేనత్త కాబట్టి కుర్చీ వేశాను. లేకపోతే గుమ్మంలోనే నిలబెట్టేవాణ్ణి."

"మీ అమ్మ మొహం చూసే నేనూ ఇంత మర్యాదగా మాట్లాడుతున్నాను. మూతి తుడుచుకో, పసుపు అంటింది."

పక్క బల్ల దగ్గర కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక ఫైలులో తల దూర్చాడు. అపిసాయ్ మూతి తుడుచుకున్నాడు. సువా పోలీసుల్లో ఇద్దరూ ఒకేరోజు చేరారు. ఎనిమిదేళ్లు ఒకే గదిలో పనిచేసి, ఒకరి కేసు ఒకరు లాక్కుని, ఒకరి తప్పు ఒకరు పై అధికారికి చేరవేసి, పండగలకి మాత్రం ఒకే చాప మీద కూర్చుని తిన్నారు. తోరికా ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధన మొదలుపెట్టాక ఆ పోరు తగ్గలేదు సరికదా, ముదిరింది.

అపిసాయ్ బల్ల మీద, తాడు కట్టిన అట్ట చీటీతో ఒక పెట్టె ఉంది. దాని పైమూత విప్పి ఉంది. మూత మీద తెల్లరంగుతో రెండు అంకె.

దీవులన్నిటికీ కలిపి పెట్టిన పర్యావరణ ఎలక్ట్రానిక్స్ పోటీలో నిన్న, శుక్రవారం, నెగ్గిన పెట్టె అది. వాగు నీళ్లలో విషం కలిస్తే పసిగట్టి గంట మోగించాలి. ఏది నెగ్గితే దాన్నే ఫిజీ వాగులన్నిటిలోనూ బిగిస్తారు. ఊళ్లవాళ్లు దాని మాట మీదే నీళ్లు ముట్టుకోవడమో మానుకోవడమో చేస్తారు. చివరి పరీక్షకి ఆరు పెట్టెలు మిగిలాయి. ఎవరు చేసినదేదో న్యాయనిర్ణేతలకి తెలియకూడదని పేర్లు తీసేసి అంకెలు వేశారు. ఆరు నీళ్లతొట్లలో ఆరు పెట్టెలు. న్యాయనిర్ణేతలు గుట్టుగా అనుకున్న సమయానికి తొట్లలోకి అమ్మోనియా వదిలారు. రెండో నంబరు ఆ క్షణంలోనే మోగింది. మరో నాలుగు ఆలస్యంగా, నీరసంగా మోగాయి. అందరూ నెగ్గుతుందనుకున్న నాలుగో నంబరు అసలు మోగనేలేదు.

ఆ సాయంత్రమే, నాలుగో పెట్టె చేసిన వాసితి అనే అమ్మాయి హాల్లోకి దూరి, స్క్రూడ్రైవర్‌తో రెండో పెట్టె మూత విప్పుతూ దొరికిపోయింది. అపిసాయ్ వచ్చి పట్టుకెళ్లాడు.

తీర్పులో మోసం జరిగిందని ఆ అమ్మాయి అరిచిన అరుపు తెల్లారేసరికి పేపర్లకెక్కింది. విచారణ జరిపించాల్సిందేనని పోటీ కమిటీ పట్టుబట్టింది. అప్పుడు ప్రధాన న్యాయనిర్ణేత డాక్టర్ వైసాకె తోరికాకి ఫోన్ చేశాడు. ఆయన ఆమె తల్లికి తమ్ముడు, ఆమెకు మోమో. సముద్రంలోకి వెళ్లిన తండ్రి తిరిగిరాకపోతే, మేనకోడల్ని తన ఇంట్లో పెట్టుకుని చదివించినవాడు. "మన పోటీ పరువు నీ చేతుల్లో పెడుతున్నా తల్లీ. నాకైతే నాతోపాటు తీర్పు చెప్పిన ఆ శలేంద్ర మీదే అనుమానం. జాగ్రత్తగా చూడు," అన్నాడు. ఆ మాట తోరికా మనసులో గట్టిగా నాటుకుంది. మోమో ఊరికే ఎవరినీ అనడు.

"అయిదు నిమిషాలు," అన్నాడు అపిసాయ్ చివరికి, తాళంచెవి కానిస్టేబుల్ వైపు విసురుతూ. "ఏడిపించకు. పొద్దుట్నుంచీ ఏడ్చి ఏడ్చి ఇప్పుడే ఆపింది."

వాసితికి ఇరవై రెండేళ్లుంటాయి. ఏడ్చిన కళ్లే గాని చూపులో బెదురు లేదు.

"నన్ను తిట్టడానికొచ్చారా అక్కా, నమ్మడానికొచ్చారా?"

"ఇంకా తేల్చుకోలేదు. మూత ఎందుకు విప్పావ్?"

"అది మోగిన తీరు చూసి. అమ్మోనియా నీళ్లలో కలవాలి, నీళ్లు అందులో ముంచిన పుల్లకి తగలాలి, పుల్ల దాన్ని కొలవాలి. ఎంత మంచి పెట్టెకైనా కొంచెం టైం పడుతుంది. అది మాత్రం అమ్మోనియా వదలమని న్యాయనిర్ణేత చెయ్యి ఎత్తగానే మోగింది. ముక్కుతో వాసన చూడలేదక్కా అది. ఎవరో చెవిలో చెప్పారు."

"లోపల ఏం చూశావ్?"

"నీళ్లలో ముంచే పుల్ల నుంచి వచ్చిన తీగ ఎక్కడా కలవలేదు. కొస గాల్లో వేలాడుతోంది. గంట తీగ మాత్రం ఒక నల్లటి ముద్దలోకి వెళ్లింది. గట్టిపడిన జిగురు ముద్ద, రాయిలా ఉంది. లోపలేముందో తెలీదు. పగలగొడదామనుకునే లోపు మీ బావగారు దిగారు."

"తీగ నువ్వే తెంపావంటున్నాడు ఆయన."

"ఇప్పుడు తెంపితే రాగి కొస మెరుస్తుంది. అది చిలుము పట్టి పచ్చబడింది. ఆయనకి చెప్పాను. రాగి ఏంటి, రంగేంటి, నాకు పాఠాలు చెప్తావా అన్నారు."

తోరికా లేచింది. వాసితి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాకు బహుమతి అక్కర్లేదక్కా. నా పెట్టె పాడైందని చెప్తే ఒప్పుకుంటాను. కానీ అది పాడవలేదు. అది ఎందుకు మోగలేదో ఎవరైనా ఒక్కసారి చూడండి, చాలు."

పోటీ జరిగిన హాలు మెట్ల మీద, తాళాలతో శలేంద్ర మహరాజ్ ఎదురుచూస్తున్నాడు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకడు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. మూడో ఆవిడ హేని న్యూజిలాండ్ నుంచి వచ్చింది, ఆ ఉదయమే విమానం ఎక్కి వెళ్లిపోయింది.

"నన్నే అనుమానిస్తున్నారట కదా మేడమ్," అన్నాడు తలుపు తీస్తూ. "నా భార్యకి కూడా చెప్పేశారు ఎవరో. పొద్దున్న టీ ఇవ్వలేదు."

"నెగ్గిన ప్రనీల్ దత్ మీకు తెలిసినవాడేగా?"

"పేర్లు బయటపెట్టినప్పుడే నేనూ విన్నాను. నాకేం తెలుసు? వైసాకె గారి దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్నాడని మాత్రం విన్నాను."

తోరికా అడుగు ఆగింది. "ఎవరి దగ్గర?"

"మీ మోమో దగ్గరే. ఆయన మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. మరిచిపోయి ఉంటాడనుకుంది. డెబ్బై దాటినవాడు, ఎంతమంది శిష్యుల్ని గుర్తుపెట్టుకుంటాడు?

హాల్లో తొట్లు వరసగా ఉన్నాయి. ప్రతి తొట్టికీ నల్లగుడ్డ కప్పి ఉంది. పైన బల్ల మీద ఒక సీసా, దాన్నుంచి ఒక్కో తొట్టిలోకి ఒక్కో సన్న గొట్టం. శుక్రవారం సాయంత్రం గొడవ తర్వాత పోలీసులు తలుపు మూసేశారు. అప్పట్నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

తోరికా మొదటి గుడ్డ తీసింది. అమ్మోనియా ఘాటుకి కళ్లు మండాయి. నీళ్లు మడ అడవి వాగులోంచి వడకట్టకుండా తెచ్చినవి, టీ రంగులో ఉన్నాయి. పైన బియ్యపు గింజలంత చేపపిల్లలు వెల్లకిలా తేలుతున్నాయి. రెండో తొట్టీ అంతే. మూడోదీ అంతే.

నాలుగో గుడ్డ తీసి, ఊపిరి బిగబట్టి వంగింది. తర్వాత నెమ్మదిగా ఊపిరి పీల్చింది. బురద వాసన తప్ప ఏమీ లేదు.

"శలేంద్ర గారూ, ఇలా రండి. ఏం కనిపిస్తోంది?"

ఆయన కళ్లద్దాలు సర్దుకుని వంగాడు. గోధుమరంగు నీళ్లలో సన్నని చేపపిల్లలు గుంపుగా ఒక మూలకి పరిగెత్తి, మళ్లీ ఇంకో మూలకి మళ్లాయి.

"బతికే ఉన్నాయి," అన్నాడు. ఆ వెంటనే ఆయన మొహం పాలిపోయింది. "బతికే ఉన్నాయేమిటి?"

తోరికా గొట్టం కొస లాగి వెలుగుకి పట్టుకుంది. లోపల మైనం కూరి ఉంది. మైనం అవతల గొట్టం పొడిగా, శుభ్రంగా ఉంది.

"ఈ తొట్టిలో విషం చుక్క కూడా పడలేదు," అంది. "నాలుగో పెట్టె మోగలేదంటే, మోగాల్సిన అవసరం లేదు కాబట్టి. ఉన్న నిజం చెప్పినందుకే ఆ పెట్టెని ఓడించారు మీరు ముగ్గురూ."

శలేంద్ర అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. "నేనే సున్నా వేశాను మేడమ్. నా చేత్తో వేశాను. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తుంటే... సున్నా."

"గొట్టాలు ఎవరు బిగించారు?"

"పెద్దాయనే. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. మీరు తప్పు బిగిస్తారు, నాకు అలవాటు అన్నారు."

"ఆయన చేతులు వణుకుతాయి," అంది తోరికా. ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు. మైనం వణుకుతున్న చేత్తో కూరినది కాదు. గట్టిగా, నున్నగా, ఓపిగ్గా కూరినది. "అమ్మోనియా ఎప్పుడు వదలాలో మీకెప్పుడు తెలిసింది?"

"గురువారం మధ్యాహ్నం పెట్టెలన్నీ తొట్లలో దించి, ముగ్గురం కలిసి సీలు వేశాం. ఆ సాయంత్రం మీ మోమో ఇంట్లో యంగోనా తాగుతూ కూర్చున్నప్పుడు అనుకున్నాం, మర్నాడు పదకొండింటికి అని. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు."

"కానీ వదిలింది రెండున్నరకి కదా?"

"అవును. శుక్రవారం పొద్దున ఆయనే మార్చారు."

"మీరు ఆలస్యంగా వచ్చారని మార్చానని నాతో చెప్పాడు."

శలేంద్ర తలెత్తి చూశాడు. ఆయన గొంతులో మొదటిసారి కోపం పలికింది. "నేను ఆలస్యంగా వచ్చానా? అమ్మోనియా సీసా నౌసోరిలో మరిచిపోయాను, వెళ్లి పట్టుకురా అని పొద్దున్నే నన్ను పంపింది ఆయనే! తీరా తిరిగొచ్చేసరికి, శలేంద్ర కోసం ఆగాల్సొచ్చింది, ఇక రెండున్నరకే అని హేని ముందే అన్నారు. పెద్దాయన కదా అని నోరు మూసుకున్నాను. ఆ మాటే మీదాకా వచ్చిందన్నమాట."

తోరికా తలుపు దాటి పరుగులాంటి నడకతో రోడ్డెక్కింది. ఆమె చేతి గడియారంలో రెండు దాటింది.

స్టేషన్లో అపిసాయ్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. తోరికా రిసీవర్ లాక్కుని పెట్టేసింది.

"పిచ్చా నీకు? అది కమిషనర్!"

"కాసేపు ఈ బల్ల దగ్గర కూర్చో బావా. ఈ పెట్టెని చూస్తూ కూర్చో, చాలు. నేను అన్నది జరగకపోతే నీ బూట్లు నేనే తుడుస్తాను, కానిస్టేబుల్ ముందు."

"ఫొటో కూడా తీయించుకుంటాను," అన్నాడు అపిసాయ్. కానీ కూర్చున్నాడు.

గోడ గడియారం ముల్లు కదులుతోంది. పెట్టె పొడిగా ఉంది. ముంచే పుల్ల బల్ల మీద వాలి ఉంది. దగ్గర్లో నీళ్లు లేవు, కానిస్టేబుల్ టీ తప్ప. తోరికా మనసులో మాత్రం ఒక్కటే ప్రార్థన నడుస్తోంది. మోగకూడదు. దేవుడా, నేను ఓడిపోతాను, బావ బూట్లు తుడుస్తాను, ఇది మోగకూడదు.

సరిగ్గా రెండున్నరకి పెట్టె మోగింది.

కానిస్టేబుల్ ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాడు. గంట స్టేషనంతా మార్మోగింది. అపిసాయ్ లేచి, సొరుగులోంచి సుత్తి తీసి, ఆ నల్లటి జిగురు ముద్ద మీద ఒక్కటేశాడు. ముద్ద పగిలింది. లోపల గోటంత గడియారం ఒకటి తిరుగుతోంది.

"ఈ జిగురు గట్టిపడాలంటే ఒక రోజంతా కావాలి," అన్నాడు నెమ్మదిగా. ఆయన గొంతులో వెటకారం పోయింది. "ఆ పిల్ల లోపల ఉన్నది పది నిమిషాలు. ఇది తను పెట్టింది కాదు."

"గురువారం మధ్యాహ్నం సీలు వేసేసరికే ఇది లోపల ఉంది," అంది తోరికా. "రోజూ రెండున్నరకి మోగేలా అమర్చి ఉంది. ఆ సాయంత్రం అనుకున్నది పదకొండు. రెండున్నర అన్నది శుక్రవారం పొద్దున."

అపిసాయ్ నొసలు ముడిచాడు. "మరి గురువారమే దీనికెలా తెలిసింది?"

"ఆ టైం మార్చబోయేవాడికి తెలుసు కాబట్టి. మార్చింది మోమో."

ఎప్పుడూ లేనిది, అపిసాయ్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నేను వెళ్తాను. నువ్వు ఇక్కడే ఉండు."

"వద్దు. ఆ గుమ్మం నేనే ఎక్కాలి. నువ్వు ఆ అమ్మాయిని తీసుకుని బయట జీపులో ఉండు."

వైసాకె ముందుగదిలో చాప మీద కూర్చుని, యంగోనా వేరుపొడిని గుడ్డలో కట్టి గిన్నెడు నీళ్లలో పిండుతున్నాడు. మేనకోడల్ని చూసి ఆయన మొహం విప్పారింది.

"వచ్చావా తల్లీ! కూర్చో, కర్రపెండలం ఉడుకుతోంది. శలేంద్ర ఒప్పుకున్నాడా?"

కొబ్బరిచిప్ప నింపి చాచాడు. పద్ధతి ప్రకారం ఆమె చప్పట్లు కొట్టి అందుకోవాలి. తోరికా చప్పట్లు కొట్టలేదు. కూర్చోనూ లేదు. చిప్ప గాల్లోనే ఉండిపోయింది. కాసేపటికి ఆయన దాన్ని గిన్నెలోకి వంచేశాడు.

"నాలుగో తొట్టిలో చేపపిల్లలు బతికే ఉన్నాయి మోమో."

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా.

"రెండో పెట్టె ఇందాక పోలీస్ స్టేషన్లో మోగింది. రెండున్నరకి. పొడి బల్ల మీద. అది ప్రనీల్ చేసింది కాదు కదా?"

"ప్రనీల్‌కి టంకం వేయడం కూడా సరిగా రాదు," అన్నాడు వైసాకె. దాచాలని కూడా అనిపించలేదాయనకి. "అది నాది. ముప్ఫై ఏళ్లు దాని మీదే బతికాను. నీకు తెలుసు. నువ్వు హోంవర్క్ చేసుకుంటుంటే పక్కన నేను ఆ పుల్లలే అరగదీసేవాణ్ణి. చల్లటి నీళ్లలో బాగానే పనిచేస్తుంది. మన వేడి నీళ్లలో తడబడుతుంది. ఇంకో రెండేళ్లు ఉంటే సరిచేసేవాణ్ణి. నాకు రెండేళ్లు ఎవరిస్తారు? నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, కొబ్బరిచిప్పలో తీగలు పెట్టి, నా కంటే మంచిది చేసుకొచ్చింది. ముందు నా పెట్టె నెగ్గాలి, వాగుల్లోకి వెళ్లాలి. తర్వాత బాగుచేయొచ్చు అనుకున్నాను."

"అందుకని ఆ పిల్లని జైల్లో పెట్టిస్తావా?"

"నేను పెట్టించలేదు. తనే వచ్చి ఇరుక్కుంది."

"శలేంద్రని?"

ఆయన చిప్పతో గిన్నెలో యంగోనా కలిపాడు.

తోరికా అడగాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇంకొకటి. "నన్నెందుకు పిలిచావ్? సువాలో ఇంకెవరూ దొరకలేదా? ఈ కేసు తేల్చగలిగినదాన్ని పట్టుకుని నువ్వే ఎందుకు పిలిచావ్?"

వైసాకె మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. ఆ చూపులో చిన్నప్పుడు జ్వరం వస్తే పక్కన కూర్చున్న ప్రేమే ఉంది. అదే ఆమెను ఎక్కువ కోసింది.

"కమిటీ ఎవరినో ఒకరిని పెడుతుంది. నిన్నయితే నాకు తెలుసు. నువ్వు అందరినీ అడుగుతావు. నన్నొక్కణ్ణి అడగవు."

గదిలో కర్రపెండలం ఉడుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. నిజమే. హాల్లో ఆ మైనం ముక్క చేతిలో పట్టుకుని కూడా ఆమె ఆయన చేతులు వణుకుతాయని వాదించింది. ఆయన లెక్క ఎక్కడా తప్పలేదు, ఒక్క గడియారం దగ్గర తప్ప.

"అడుగుతున్నాను మోమో," అంది. "ఇంకేం దాచావ్?"

"ఏముంది దాచడానికి? తీర్పు రద్దు చేయించు. పెట్టెలు వాగుల్లోకి వెళ్లకముందే బయటపడింది, ఎవరికీ నష్టం..." ఆయన ఆగిపోయాడు. కళ్లు పక్కకి తిప్పుకున్నాడు.

"వెళ్లకముందే?"

"ఒక్కటి వెళ్లింది. పోయిన వారం. ఫలితం రాకముందే ఒకచోట పెట్టి చూద్దామని. అందులో గడియారం లేదు. ఉత్త పుల్లే."

"ఏ ఊరు?"

"వైలోమా వాగు. అక్కడ ఆ పిల్ల చేసిన పాత పెట్టె ఒకటుంటే, రెండూ ఉంటే లెక్క కలగాపులగం అవుతుందని దాన్ని తీయించాను."

వైలోమా వాసితి ఊరు. విషం పై ఎత్తున ఎక్కడ్నుంచి దిగుతోందో ఇంతవరకు ఎవరూ పట్టుకోలేకపోయిన వాగు అది.

తోరికా మెట్లు దిగి జీపు దగ్గరికి పరిగెత్తింది. అపిసాయ్ ఆమె మొహం చూసి ఏమీ అడక్కుండా ఇంట్లోకి నడిచాడు.

"మీ ఇంటికి ఫోన్ చెయ్ వాసితీ. ఇప్పుడే. వాగు దగ్గరికి ఎవరినీ పోనివ్వొద్దని చెప్పు."

వాసితి గబగబా నంబరు నొక్కింది. అవతల చాలాసేపు మోగింది. చివరికి ఆమె తల్లి గొంతు, సంతోషంగా, నవ్వుతూ వినిపించింది.

"వదిలేశారా తల్లీ! చెప్పానుగా నేను, దేవుడున్నాడని! ఏంటీ, వాగా? ఎందుకే కంగారు? కొత్త పెట్టె పలకలేదుగా, నీళ్లు బాగానే ఉన్నట్టేగా! పిల్లలందరూ అందులోనే ఉన్నారు. ఇవాళ వలలు కూడా అక్కర్లేదట, చేపలు వాటంతటవే పైకి తేలొస్తున్నాయి!"